పిలిస్తే ఒకరు రావాల

సార్ పోయినారని ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే ఆమె, జవళగిరి నుంచి ఫోన్ చేసింది. ఏడవలేదు. "పిలిస్తే పలకలేదమ్మా" అనింది, అంతే. అప్పుడు నేను డ్యూటీకి పోయేదానికి హోసూరు బస్టాండులో నిలబడుకోని ఉంటిని. కంపెనీ బస్సు వదిలేసి, ఆ ఊరి బస్సు ఎక్కినాను.

సార్ అంటే మా కంపెనీలో టెస్టింగ్ సెక్షనుకు పెద్ద. నేను పనిలో చేరినప్పటి నుంచి ఆయన రిటైరయ్యే దాకా ఆయన కిందనే ఉండినాను. మేము చేసేది సముద్రంలో పనికొచ్చే వస్తువు. హోసూరులో సముద్రం యాడుంది అని మీరూ నవ్వద్దండి, మా ఇంట్లో వాళ్లు నవ్వేది చాలు. అరచేతిలో పట్టేంత నారింజరంగు డబ్బా అది. పడవల్లో పోయేవాళ్లు లైఫ్ జాకెట్టుకు తగిలించుకుంటారు. మనిషి నీళ్లలో పడితే తనకు తానే తెరుచుకోని, 'ఈడ ఉండాను, ఈడ ఉండాను' అని చుట్టుపక్కల పడవలకు రేడియోలో చెప్తుంది. పడినోడికి తెలివి తప్పినా అది చెప్పాల. తేలాల. గంటలకొద్దీ ఆగకుండా పలకాల. ఊరికే మాత్రం పలకకూడదు. ఇవన్నీ, ఇట్లాంటి వస్తువు ఎట్ల ఉండాలో చెప్పే స్టాండర్డు పుస్తకంలో రాసి ఉంటాయి. ఆ పుస్తకాన్ని మేము పరీక్షకు చదివినట్ల చదివితే, సార్ ఇంట్లో పెద్దోళ్ల మాట విన్నట్ల చదివేవారు.

డబ్బాను పలికించి చూసేదానికి మా దగ్గర ఒక ఇనుప గది ఉంది, సిగ్నల్ బయటికి పోకుండా. దాని తలుపు ఎప్పుడూ సారే వేసేవారు. వేసినాక ఇంకోసారి లాగి చూసేవారు. బయటికి పోతే ఎవురో ఒకరు నిజమనుకోని పరుగెత్తుతారు అనేవారు. ఈడ ఎవరు పరుగెత్తుతారు సార్ అని నేను అడిగితే, తలపైన విమానాలు పోలేదా, వాళ్లకూ వినపడుతుంది అని షెడ్డు పైకప్పు చూపించేవారు. డబ్బా టెస్టులో పాసయిందని మేము ఎగిరితే ఆయనకు నచ్చేది కాదు. "పాస్ కాలేదమ్మా, ఇంకా చెడలేదు. అంతే" అనేవారు. మధ్యాన్నం రాగిముద్ద, పులుసు. ముద్ద తినేటప్పుడు మాత్రం పని మాట ఎత్తితే కోపమొచ్చేది.

అంత జాగ్రత్త మనిషి చేసిన తప్పే ఇప్పుడు చెప్తాను. ఆయన దాన్ని దాచలేదు కాబట్టి నేనూ దాచను.

డబ్బాకు రెండు లోహపు కొనలు ఉంటాయి. నీళ్లు ఆ రెండింటినీ కలిపితే డబ్బా లేచి పలుకుతుంది. ఎంత తడికి లేవాలో మేము సరిచూసి పెట్టింది మా బోరు నీళ్లతో. పైన నీళ్లు చిలకరించి, ఊరికే లేస్తుందా అని చూసింది కూడా ఆ నీళ్లతోనే. నీళ్లంటే బోరు నీళ్లే కదా మాకు! ఉప్పునీటికి కరెంటు ఇంకా బాగా పారుతుందని మాకు తెలీక కాదు, తోచక. బోరు నీళ్లలో మునిగితే లేచే డబ్బా, సముద్రంలో అల చిందినా లేస్తుంది. మొదటి సరుకు రేవుకు పోయినాక తెలిసింది.

ఫిర్యాదులు వస్తానే సార్ నన్ను పిలుచుకోని రేవుకు బయలుదేరినారు. అప్పటిదాకా ఆయన సముద్రం చూసిన మనిషి కాదు. పడవ ఎక్కినాక కడుపులో ఏమీ నిలవలేదు పాపం, అంచు పట్టుకోనే అన్నీ అడిగినారు. పడవ నడిపే పెద్దాయన అరవంలో చెప్పినాడు, మొదట్లో అది పలికినప్పుడల్లా వలలు కోసేసి పరుగెత్తినామని, పోతే అందరూ పడవలో కూర్చొని టీ తాగతా ఉండారని. ఇప్పుడు ఎవురూ పోరంట. చూపించినాడు కూడా. మేము చేసిన డబ్బాలన్నీ ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి, ఐస్ పెట్టె వెనక తోసి ఉండాయి. సార్ వంగి ఆ మూట విప్పి, డబ్బాలు ఒక్కొక్కటే లెక్కపెట్టినారు.

రెండో సరుకు అప్పటికే పెట్టెల్లో ఉంది. సార్ సంతకం పెడితే లారీ ఎక్కుతుంది. ఓనరుగారు చెడ్డమనిషి కాదు. అప్పులు ఉండాయి, షెడ్డు నిండా జీతానికి చూసేవాళ్లు ఉండారు. తడి తగలనీయద్దని ఒక కాగితం వేసి పంపేద్దాం, తర్వాత సరుకులో సరిచేద్దాం అన్నారు. సముద్రంలో తడి తగలకుండా ఎట్ల సార్ అని నాకే నోటిదాకా వచ్చింది.

అప్పుడు సార్ ఓనరుగారికి తన ఊరి మాట చెప్పినారు. అంతకు ముందు ఎప్పుడూ చెప్పింది లేదు. జవళగిరిలో రాగి పండే కాలంలో ఏనుగులు దిగుతాయి. ఒక్కో చేనికి ఒక్కో మంచె, మంచెకు ఒక మనిషి. "ఉండావా?" అని ఒకరు కేకేస్తే "ఉండాను" అని పక్క చేని నుంచి పలకాల. ఏనుగొస్తే కేక వేరేగా ఉంటుంది, అది వింటే అందరూ దివిటీలు తీసుకోని పరుగెత్తాల.

"మా చిన్నాయన భయస్తుడు. గాలికి చెట్టు కదిలినా కేకేసేవాడు. అబద్ధం కాదండి, నిజంగానే భయం. జనం పోయి పోయి విసిగినారు. ఒకరోజు మళ్లీ కేకేసినాడు. మా నాయన విన్నాడు. గాలికి అరస్తా ఉండాడులే అని తిరిగి పడుకున్నాడు. తెల్లారి పోతే మంచె లేదు, చిన్నాయనా లేడు." ఆయన గొంతు అప్పుడు కూడా పెరగలేదు. "పిలిస్తే ఒకరు రావాల. ఈ డబ్బా వల్ల వచ్చేవాళ్లు రాకుండా పోతారు. నేను సంతకం పెట్టను. తప్పు నాది, నన్ను తీసేయండి."

తీసేయలేదు. పోయిన సరుకంతా వెనక్కి తెప్పించినారు. కొన్నాళ్లు మాకు జీతం సగమే వచ్చింది, సార్‌ను తిట్టుకున్నోళ్లూ ఉండారు. ఆయన రేవు నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు మోసుకొచ్చి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టినారు. శానా రోజులకు పడవ పెద్దాయన ఫోన్ చేసి, డబ్బా ఇప్పుడు మూటలో లేదప్పా, భుజానే ఉంది అన్నాడు. ఆ రోజు సార్ మా అందరికీ మైసూర్ పాకు తెప్పించినారు.

రిటైరయి ఊరికి పోయినాక పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. వసారాలో మంచం. అక్క వంటింట్లో నుంచి మాటిమాటికీ "ఉండారా?" అనేది. ఆమె కూడా మంచెల మధ్య పెరిగిన మనిషే. నేను చూసేదానికి పోయినప్పుడు, నాతో మాట్లాడతానే సార్ "ఉండాను" అని పలికి, "బ్యాటరీ ఇంకా ఉందమ్మా" అని సగం మూతితో నవ్వేవారు. పోయిన రోజు పొద్దున ఆయన పలకలేదు. ఆమె పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తిందంట.

పోయిన వారం అక్కను చూసేదానికి మళ్లీ పోయినాను. మంచం గోడకు నిలబెట్టి ఉంది. వసారాలో నేనొక్కదాన్నే కూర్చోనుంటే, లోపల పులుసు కలబెడతా ఆమె అలవాటుగా కేకేసింది.

"ఉండారా?"

గరిటె ఆగిపోయింది. వంటింట్లో ఆమె, ఈడ నేను. సార్ చెప్పిన మాటే గుర్తొచ్చింది నాకు. గట్టిగా పలికినాను.

"ఉండానక్కా."

తర్వాత గరిటె మళ్లీ కదిలింది.