బొట్టు కింద రెండు బాణాలు

నాయన రివాల్వర్ లైసెన్సు రెన్యువల్ కోసం చిత్తూరు వెళ్లిన ప్రయాణం ఇది, డెబ్బైల చివరి మాట. రెండో ప్రపంచ యుద్ధంలో పట్టాళం లారీ తోలిన నాయన, తిరిగొచ్చేటప్పుడు మిలిటరీ వేలంలో ఆ రివాల్వర్‌ను కొన్నాడు. రసీదు చెదలు తినేశాయి. ఎత్తుకొచ్చాడనే గుసగుస మా చంద్రగిరిలో ఎన్నడూ ఆగలేదు. ఇప్పుడు లైసెన్సు ఆఫీసులోనూ అదే అనుమానం. అది సర్కారు సొత్తు కాదని తుపాకుల అంగడివాళ్లు చూసి చెప్పాలి. లేకుంటే తుపాకీతో పాటు నాయన పరువూ పోతుంది.

పొద్దున ఆరింటి బస్సెక్కాం. తిరుగుదారిలో కాణిపాకంలో దిగాలనే షరతు మీద అమ్మ కూడా బయల్దేరింది. సంచి అడుగున గుళ్లు లేని రివాల్వర్, పైన చిత్రాన్నం. పూతలపట్టులో అందరూ టీకి దిగినా నాయన సీటు వదల్లేదు. సంచిలో ఏముందని కండక్టరు అడిగితే చిత్రాన్నమని చెప్పి, అతనికీ కాస్త పెట్టాల్సి వచ్చింది.

చిత్తూరులో అంగడాయన భూతద్దం పెట్టి చూసి నిట్టూర్చాడు. గుర్తులన్నీ అరిగిపోయాయి. ఆయుధపూజ వచ్చిందంటే అమ్మ దాన్ని ఇత్తడి బిందెలతో కలిపి చింతపండు, బూడిద పెట్టి తోమేది మరి! కంపెనీ పేరు సగం, నంబరు మాత్రం మిగిలాయి.

అంతలో అంగడాయన పిడికి పైన గట్టిపడిన కుంకుమ బొట్టు చూపించాడు.

"ఈడ తోమలేదా తల్లీ?"

"బొట్టును ఎవురన్నా తోముతారా అప్పా? దాని మీదనే మళ్లీ పెడతా."

దాన్నిప్పుడు తీయాలన్నాడాయన. అమ్మ రివాల్వర్‌ను కళ్లకద్దుకుని, కొంగు తడిపి మెల్లగా తుడిచింది. కింద రెండు చిన్న బాణాలు, మొనలు ఎదురెదురుగా. ఒక్క బాణముంటే తెల్లవాళ్ల సైన్యం సొత్తట. ఇలా ఎదురెదురుగా రెండుంటే సైన్యమే అమ్మేసినట్టు గుర్తట.

నాయన అమ్మ వైపు తిరిగాడు. "నువ్వు కూడా అనుమానపడినావా?"

"పడింటే బొట్టు పెడుదునా?"

అంగడాయన ఆ మాటే కాగితం మీద రాసిచ్చాడు, ఆఫీసులో ఒప్పుకున్నారు. కాణిపాకంలో దర్శనమయ్యేదాకా నాయన ఆమె చెప్పుల దగ్గర కాపలా కూర్చున్నాడు. సంచి ఒళ్లో ఉంది కాబట్టేనన్నాడు గానీ, నేను నమ్మలేదు. ఊరి మాటలకు అన్నేళ్లూ కుంగిన మనిషి ఆరోజు ఈల వేస్తూ ఇల్లు చేరాడు. నాకు ఇద్దరి మీదా ప్రేమ పొంగింది.

మీ ఇంట్లోనూ పాత మిలిటరీ రివాల్వర్ ఉండి చిత్తూరు తీసుకెళ్లాల్సి వస్తే, ముందు తోమకండి. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. అమ్మ కూడా ఆ దసరాకు చింతపండు దాని దగ్గరికి రానివ్వలేదు. బొట్టు మాత్రం పెట్టింది, బాణాలు కనిపించేలా కాస్త పక్కకు జరిపి.