చెల్లి డొక్కలు ఎగరేసిన రోజు

మా చిన్నప్పుడు గాజువాకలో ఏ ఇంట్లో పిల్ల దగ్గినా వీధంతా వైద్యులే... ఒకరు వాము కాచి పట్టమంటారు, ఒకరు తమలపాకుకి ఆముదం రాసి, వెచ్చచేసి గుండెల మీద వెయ్యమంటారు. మా చెల్లికి అన్నీ అయ్యాయి. దగ్గు మాత్రం పోలేదు.

ఆ మధ్యాహ్నం దానికి ఏడవడానికి కూడా ఊపిరి చాలలేదు. గాలి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది... డొక్కలు ఎగరేయడం అంటారు. ఏడాది పిల్ల. నాన్నేమో డ్యూటీలో ఉన్నాడు.

నాయనమ్మ అప్పటికే పొయ్యి దగ్గర పసుపుకొమ్ము కాలుస్తోంది... చెల్లి పొట్ట మీద చురక పెట్టడానికి!

"నీ మొగుడికి నాను సురకేత్తేనే బతికాడు. ఆడి పొట్ట మీద మచ్చ సూడలేదేటే?"

"నా పిల్ల ఒంటికి నిప్పు తగలనివ్వను అత్తా. నాను ఆస్పత్రికి ఎల్తన్నాను," అంది అమ్మ. అత్తకి ఎదురు చెప్పడం నేను అదే మొదటిసారి చూడటం.

ఆటో ఆపమని నన్ను రోడ్డు మీదకి తరిమింది. వచ్చిన ఆటో వచ్చినట్టే నిండుగా పోతోంది... ఇంట్లోకి పరిగెత్తి చెల్లిని చూడటం, మళ్ళీ రోడ్డు మీదకి... కాళ్ళు ఒకచోట నిలిస్తే ఒట్టు! చివరికి ఓ ఆటోకి అడ్డంగా నిలబడ్డాను. తిట్టబోయిన డ్రైవరు, వెనకాలే వస్తున్న అమ్మ భుజం మీది పిల్లని చూసి, ఎక్కినవాళ్ళని దింపేశాడు.

మా వెనకే నాయనమ్మ కూడా చెప్పుల్లేకుండా వచ్చి ఎక్కేసింది. అమ్మ మొహం తిప్పుకుంది.

కొంతదూరం వెళ్ళాక నాయనమ్మ రోడ్డు వైపు చూస్తూ, "ఆడి తమ్ముడికి కూడా సురకేసినానే..." అని ఆగిపోయింది.

నాన్నకో తమ్ముడుండేవాడని నాకు అప్పుడే తెలిసింది. అమ్మ చెల్లి కాళ్ళు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

ఆస్పత్రిలో నిమ్ము పట్టిందన్నారు. ఆక్సిజన్ పెట్టారు, సూదులు వేశారు. చెల్లి దక్కింది. ఆ తర్వాత మా ఇంట్లో చురక మాట మళ్ళీ వినపడలేదు.

ఇప్పుడు చెల్లికో కొడుకు... ఇంట్లోనే నెబ్యులైజర్, ఫోన్ చేస్తే పలికే డాక్టరు. మొన్న వాడికి దగ్గంటే వీడియో కాల్‌లో "చొక్కా ఎత్తి చూపించవే" అన్నాను. "ఏటే అక్కా నీ కంగారు!" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ... చూసేదాకా ఊరుకోలేదు.

నాయనమ్మ పోయింది. నాన్నకి తమ్ముడి మొహం కూడా గుర్తులేదట. ఆ పిల్లాడి పేరేంటో మేమెవరమూ అడగనేలేదు... మీ ఇళ్ళలోనూ ఇలా దగ్గుతో పోయిన చిన్నవాళ్ళు ఉండే ఉంటారు. పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయండి.