మగ్గం మీద తెగిన బీరతీగ

బీరతీగ సగం దాకా బాగానే పాకింది. ఆకులు, పసుపు పూలు, నులితీగలు అన్నీ నరసింహులు గీసినట్టే వచ్చాయి. అక్కడి నుంచి బట్ట సాదాగా ఉంది. చీర పల్లూ మధ్యలో ఎవరో కత్తి పెట్టి తీగను కోసేసినట్టుంది.

“కంప్యూటర్‌ల మంచిగనే ఉన్నదంటివి గద నర్సన్నా,” అన్నాడు కమలాకర్. పల్సానాలో ఆ మగ్గాల కార్ఖానా అతనిదే. “మరి మిగిలిన తీగను మగ్గం మింగిందా?”

మగ్గం నడిపే మనిషి నవ్వాడు. నరసింహులు వంగి, తీగ తెగిన చోటనే చూస్తూ ఉండిపోయాడు.

నరసింహులు ఉండేది లింబాయత్ అనే పేటలో. పని బట్టలోనే బొమ్మలు నేసే జకార్డు మగ్గాలకు డిజైన్లు గీయడం. కుర్రతనంలో మగ్గం నడిపాడు, తర్వాత మగ్గానికి బొమ్మ చెప్పే అట్టలకు చిల్లులు కొట్టేవాడు. కంప్యూటర్లు వచ్చాక ఎవరూ కూర్చోబెట్టి నేర్పకపోయినా, చెడగొట్టుకుంటూ, సరిచేసుకుంటూ తానే నేర్చుకున్నాడు. ఒకప్పుడు చాలా కార్ఖానాలు పిలిచేవి. ఇప్పుడు అందరూ పర్వత్ పాటియా బజారులో పెన్‌డ్రైవ్ నిండా రెడీమేడ్ డిజైన్లు కొనుక్కుంటున్నారు. అతనికి మిగిలింది కమలాకర్ ఒక్కడే. ఇదీ పోతే యాభై దాటిన వయసులో మళ్ళీ రాత్రీ పగలూ షిఫ్టుల పాళీల మీద మగ్గం నడపడమే గతి.

రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ సేఠ్ ఒకాయన పల్లూ అంతా ఒకటే తీగ పాకాలని, గీసిందే మళ్ళీ రాకూడదని అడిగాడు. శనివారం వచ్చి చూస్తానన్నాడు. అంత పెద్ద బొమ్మను పాత కంప్యూటర్ మోయలేకపోయింది. అందులో ఉన్నది ముప్పై రెండు బిట్ల విండోస్ సెవెన్. ఎంత మెమరీ పెట్టినా నాలుగు జీబీకి మించి వాడుకోలేదు. తీగ మూడో వంతయ్యేసరికి తెర బిగుసుకుపోయేది. అందుకని కూతురు వర్షిణి కొత్త విండోస్‌తో కొత్త కంప్యూటర్ కొనిపించింది.

అందులో తీగ చకచకా తెరుచుకుంది. కానీ డిజైన్ సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంప్యూటర్ వెనక పెన్‌డ్రైవ్ లాంటి చిన్న లాక్ గుచ్చాలి. ఆ లాక్‌ను చూసుకునే ప్రోగ్రాం పాత విండోస్ కోసం రాసింది. కొత్తదాంట్లో లాక్ కాసేపు కనబడేది, కాసేపు మాయమయ్యేది. మగ్గం చదివే ఫైలు సేవ్ అవుతుండగా మాయమైతే, సగం ఫైలే మిగిలేది. తెర మీద మాత్రం తీగ నిండుగా ఉండేది.

“గింత పరేషాన్ ఎందుకు?” అన్నాడు కమలాకర్. “చిన్న తీగ గీసి రెండు మాట్లు తిప్పు. పాత కంప్యూటర్ డబ్బల నడుస్తది. సేఠ్ ఏమన్న టేపు పెట్టి కొలుస్తడా?”

“ఒకటే తీగ కావాలన్నడు గద.”

“సేఠ్‌లు చానా అంటరన్నా. శనారం ఏదో ఒకటి చూపియ్యకపోతే మగ్గాలు ఖాళీగ ఉంచలేను నేను.”

నరసింహులు తీగ తెగిన చోటి గుడ్డ ముక్కను కత్తిరించి, మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. చిన్న తీగ పూటలో అయిపోతుంది. కానీ దానికైతే తను ఎందుకు? పర్వత్ పాటియాలో అలాంటివి బోలెడు దొరుకుతాయి.

మర్నాడు వర్షిణి ఆఫీసుకు సెలవు పెట్టింది. కొత్త కంప్యూటర్‌లో అందులో ఉన్నదానికంటే కాస్త పాతదైన విండోస్ టెన్ వేసి చూసింది. లాక్ అదే ఆట ఆడింది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ వెర్షన్ పాతబడిందనీ, దాని బాధ్యత తమది కాదనీ ఒకాయన హిందీలో చెప్పుకొచ్చాడు. నరసింహులు ఫోన్ అందుకున్నాడు.

“అది సరే భాయ్. మీ దగ్గర గీసేవాళ్ళు రోజూ దేని మీద గీస్తారు?” అని హిందీలోనే అడిగాడు.

“విండోస్ సెవెనే. కానీ అరవై నాలుగు బిట్లది,” అన్నాడాయన. “దానికి సరిపడే సెటప్ పంపిస్తాను.”

ఆ విండోస్ మెమరీ అంతా వాడుకుంటుంది, లాక్‌నూ గుర్తుపడుతుంది. అయితే కొత్త కంప్యూటర్‌లో దాన్ని వేస్తే అంత కొత్త యంత్రం దానికి తెలియక కీబోర్డు, మౌస్ పనిచేయలేదు. మళ్ళీ పాత డబ్బానే దించారు. సెకండ్‌హ్యాండ్ దుకాణం నుంచి మెమరీ, ఇంకో హార్డ్‌డిస్కు తెచ్చి మూత విప్పారు.

“బాపూ, దీనికి ఇగ సెక్యూరిటీ అప్‌డేట్లు రావు.”

“నెట్ తగిలియ్యను.”

“పెన్‌డ్రైవ్ తోటి కూడ వైరస్ వస్తది.”

“దీనికి వేరే పెన్‌డ్రైవ్ పెడత.”

“అసలు ఈ డబ్బా ఎన్ని రోజులుంటదో.”

“నేను మాత్రం ఎన్ని రోజులుంట బిడ్డా?”

“గట్ల మాట్లాడకు. ఆ స్క్రూడ్రైవర్ ఇటియ్యి.”

శనివారం పొద్దెక్కాక తీగ మొత్తం సేవ్ అయింది. నరసింహులు పెన్‌డ్రైవ్ తియ్యలేదు. మగ్గం ఫైలునే మళ్ళీ తెరిచి, మొదటి ఆకు నుంచి వరస వరస చూస్తూ వచ్చాడు. ఒకసారి మోసపోయిన కళ్ళు అవి. ఫోన్ మోగింది.

“సేఠ్ వచ్చి కూసున్నడు. ఎంత అయితే అంత పట్టుకొని రా.”

“ఇంకా చూసుడు కాలె కమలాకర్.”

“ఏం చూస్తున్నవ్? నీ పెండ్లి ఆల్బమా?”

సగం దాటాక నరసింహులు గడియారం చూశాడు. అయినా తొందరపడలేదు. చివరి పువ్వు చూశాకే లేచాడు.

పల్సానాలో దిగి కార్ఖానా వైపు నడుస్తుంటే దూరం నుంచే మగ్గాల చప్పుడు వినిపించింది. తన తీగ కోసం ఆగాల్సిన మగ్గాలు నడుస్తున్నాయంటే అతనికి సంగతి తెలిసిపోయింది. లోపల అన్ని మగ్గాల మీదా ఎవరిదో మామిడిపిందెల డిజైన్ నడుస్తోంది. ఒక్కటి మాత్రం ఖాళీగా ఉంది.

“సేఠ్ ఇదే ఖాయం చేసి పోయిండు,” అన్నాడు కమలాకర్, అతని ముఖం చూడకుండా. “ఎంతసేపని కూసోబెట్టాలె ఆయనను?”

“దాని మీద ఒకసారి నడిపియ్యి,” అన్నాడు నరసింహులు, పెన్‌డ్రైవ్ చేతికిస్తూ.

తీగ పాకింది. నిన్నమొన్న తెగిన చోటికి వచ్చింది. దాటింది. ఆకు వెనక ఆకు, పువ్వు వెనక పువ్వు వస్తూనే ఉన్నాయి. కమలాకర్ దగ్గరికొచ్చి వంగి చూశాడు.

“ముందుగాల తెస్తే అయిపోతుండె గదనే.”

“ముందుగాల తెస్తే గిట్ల రాకపోతుండె.”

“సరే. ఈ ఒక్క మగ్గం మీద నడిపిస్త. అమ్ముడుపోతే చూద్దాం.”

ఒక్క మగ్గం డిజైన్‌తో ఇల్లు నడవదు. అది ఇద్దరికీ తెలుసు. నరసింహులు ఒక నులితీగను వేలితో చివరిదాకా తడిమి చూశాడు. ఎక్కడా తెగలేదు.

“దీని మీదికి రాత్రి పాళీకి మనిషి ఉన్నడా?” అని అడిగాడు.

“పని ఎవలకు? నీకు తెలిసినోళ్ళు ఉన్నరా?”

“నాకే.”

కమలాకర్ మగ్గం మీద చెయ్యి వేశాడు.

“సోమారం రాత్రి పాళీకి రా అన్నా,” అన్నాడు.