బిడ్డలు పుట్టని లోకాన్ని రాసిన ఏడాది

కోలారు బంగారు గనులు సర్కారువి అయిన కొత్తల్లో, కేజీఎఫ్‌లోని మా లైన్లో కొళాయి దగ్గర కథలు చదివే పని నాది. లైనంటే గని కార్మికుల ఇళ్ళ వరస. నీళ్ళు వదిలేదాకా ఆడవాళ్ళందరూ బిందెలు పెట్టుకుని కూర్చునేవారు. వాళ్ళలో చదువు వచ్చింది నాకొక్కదానికే కాబట్టి వారపత్రికలో సీరియల్ వినిపించేదాన్ని. ఒక వారం పత్రిక రాలేదు. ఏదో ఒకటి చెప్పమని ప్రాణం తీశారు. సరే, నేనే రాస్తానన్నాను.

అప్పటికి నా పెళ్ళయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. ఎవరింట్లో సీమంతం జరిగినా నన్ను పిలిచేవారు కాదు. పిలిచినా గాజులు తొడిగే వంతు నాదాకా వచ్చేది కాదు. పైకి నవ్వేదాన్ని గానీ లోపల కుతకుత ఉడికిపోయేదాన్ని. ఆ కసి అంతా నోట్‌బుక్కులో కక్కాను. ఒక ఏడాది లోకంలో ఎక్కడా బిడ్డలు పుట్టరు. మరుసటి ఏడూ అంతే. పదేళ్ళకు బడుల్లో మేకలు కట్టేస్తారు. రేపు తినేవాళ్ళు ఎవరని రైతులు విత్తడం మానేస్తారు. జనం దోచుకుంటారు, కొట్టుకుంటారు. చివరికి మా గనిలో మనుషుల్ని దించి పైకి తెచ్చే కేజు సగంలో ఆగిపోతుంది. పైన యంత్రం నడిపేవాడు "ఎవరి కోసం లాగాలి?" అని వెళ్ళిపోతాడు. లోకమంతా గొడ్డుబోతే గానీ నా మనసు చల్లబడదన్నట్టు రాశాను.

అది చదువుతుంటే నీళ్ళు వచ్చిన సంగతి కూడా ఎవరూ చూసుకోలేదు. పక్కింటి పెద్దామె కోడలికి అప్పుడు ఏడో నెల. ఆ పిల్ల కడుపు మీద చెయ్యి వేసుకుని, "అక్కా, అట్లయితే నా బిడ్డే కడాన పుట్టేదా?" అని ఏడ్చేసింది. నాకు లోలోపల సంతోషం వేసింది. ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు పెద్దామె మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నన్ను గొడ్రాలని తిడుతుందనుకుని నేనే ముందు నోరు చేసుకున్నాను.

"సీమంతానికి పనికిరాని దాని కథ మీకెందుకు అత్తా?"

"కథ గురించే వచ్చినా. అది అబద్ధం."

"కథంటే అబద్ధమే."

"అట్ల గాదు మే. మా ఆయన ముప్పై ఏండ్లు కేజు నడిపినాడు. కింద ఎవరుండారో ఆయనకి కనపడేది లేదు. కింద్నుంచి గంట ఇనపడితే లాగేది, అంతే. కిందుండేటోళ్ళు ఆయన బిడ్డలా? ఒక్క దినమన్నా వదిలేసి వచ్చినాడా? ఇంగ నువ్వు రాసినోడు యాడోడు?"

ఆమె చెప్పింది నిజమైనందుకు ఇంకా మండింది. అయినా సాయంత్రానికి ఆ నాలుగు పేజీలూ చింపి పొయ్యిలో వేశాను. కొత్తగా రాసినదాంట్లో యంత్రం నడిపేవాడు కదలడు. గంట మోగినప్పుడల్లా లాగుతాడు. పైకి వచ్చినవాళ్ళు చెరువుల పూడిక తీస్తారు, ముసలివాళ్ళకు సంగటి వండిపెడతారు. బిడ్డలు పుడతారో లేదో రాయలేదు. ఊరు మాత్రం నిలబడుతుంది. అది విన్న రోజు ఆ పిల్ల నవ్వుతూ బిందె ఎత్తబోతే, వద్దని నేనే మోసుకెళ్ళి ఇంట్లో పెట్టాను.

ఆ పిల్ల సీమంతానికి మాత్రం నన్ను పిలవలేదు. ఆ రోజు తలుపు వేసుకుని ఏడ్చాను.

తర్వాత ఆ కోడలికి ఆడపిల్ల పుట్టింది. పుట్టిన బిడ్డ నాలుక మీద చక్కెర నీళ్ళు మొదట ఎవరు పెడితే వాళ్ళ గుణం వస్తుందని మా లైన్లో నమ్మకం. అందుకని బాగా బతికిన పిల్లల తల్లిని వెతికి మరీ పిలుస్తారు. పెద్దామె మా ఇంటికి వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. గదినిండా ఆడవాళ్ళు. గిన్నె నా చేతిలో పెట్టింది.

"నా గుణమా అత్తా? నోటి దురుసు, కుళ్ళు, అన్నీ వచ్చేస్తాయి," అన్నాను.

"రానీ. తప్పు రాసినావని తెలిస్తే చింపేసి మళ్ళా రాసినావు గదా. మా ఇంట్లో ఆ గుణం ఒకరికీ లేదు. సీమంతానికి నిన్ను పిలవకపోతినే, నాకూ లేదు."

వేలు చక్కెర నీళ్ళలో ముంచి బిడ్డ పెదవులకు తాకించాను. పసిది వదలకుండా చప్పరించి, వేలు తీయబోతే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు లంకించుకుంది.

"చూడండమ్మా, అప్పుడే దీని నోరు వచ్చేసినాది," అంది పెద్దామె నన్ను చూపిస్తూ.

నా జన్మలో మొదటిసారి, ఒక బిడ్డ నాలాగా ఉందని ఎవరో అన్నారు.