వియ్యపురాలింట ఆర్టిచోక్

మా వియ్యపురాలిది అమెరికాలో స్థిరపడ్డ ఇటాలియన్ కుటుంబం. ఈస్టర్‌కి వాళ్లింట్లో ఇంకేమున్నా లేకపోయినా ఆర్టిచోక్‌లు ఉండి తీరాలి. ఆ కూరగాయ చూడ్డానికి ముదిరిన పచ్చటి తామరమొగ్గలా ఉంటుంది. రేకుల మధ్య బ్రెడ్ పొడి, వెల్లుల్లి, చీజ్ కూరి ఉడికిస్తారు. నాకు షుగర్ అని తెలిశాక ఆవిడ, ఇందులో పీచు బోలెడు, మీరు తప్పకుండా తినాలని పట్టుబట్టింది. పీచు చేసే మేలంతా ఆ బ్రెడ్డూ చీజూ చెడగొడతాయేమోనని నా అనుమానం.

నా ధ్యాసంతా మా ఆవిడ మీదే. ఆమె ఆ ఇంట్లో భోంచేసి ఏడాది దాటింది. పెళ్లి మాటలకి మొదటిసారి వెళ్లినప్పుడు, ప్లేట్‌లో అన్నం కనిపించేసరికి అలవాటు కొద్దీ చెయ్యి పెట్టింది. పక్కనే ఉన్న మా అమ్మాయి వంగి, "మమ్మీ, ఇక్కడ చేత్తో వద్దు, ప్లీజ్" అంది. మా ఆవిడ చెయ్యి తుడుచుకుని, ఫోర్క్‌తో నాలుగు మెతుకులు కతికి ఆపేసింది. అమ్మాయి ఆ సంగతి అప్పుడే మర్చిపోయింది. నాకు మాత్రం కోపం లోపలే ఉండిపోయింది. కూతుర్ని కేకలేస్తే మా ఆవిడ ఇంకా చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నాను. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఆమె కాఫీ తప్ప ఏమీ ముట్టదు. చర్చిలో తినేసి వచ్చానంటుంది. పండగ పూట అబద్ధం ఎందుకని, మోరిస్‌విల్‌లో మా తెలుగు చర్చి ఆరాధన అయ్యాక నిజంగానే కడుపు నిండా ఇడ్లీలు తింటుంది.

మొన్న ఈస్టర్‌కీ అలాగే తిని, పక్క ఊరు క్యారీలో ఉన్న వాళ్లింటికి వెళ్లాం. ఆర్టిచోక్‌లు వచ్చాయి. నేను బుద్ధిగా ఫోర్కూ కత్తీ అందుకున్నాను. మా అల్లుడు నవ్వి వద్దన్నాడు. వాళ్లెవరూ ఫోర్క్ ముట్టుకోలేదు. ఒక్కో రేకూ వేళ్లతో పీకి, మొదట్లోని గుజ్జుని పళ్లతో గీరుకుని, మిగిలింది పక్క గిన్నెలో పడేస్తున్నారు. మనం మునక్కాయ తిన్నట్టే. వియ్యపురాలి చేతులకి మణికట్టు దాకా నూనె.

మా ఆవిడ కాసేపు చూసింది. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "ఇక్కడ చేత్తో తినొచ్చేమో కనుక్కో" అంది.

అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఇన్నేళ్లు కాపురం చేసిన నాకే తెలియలేదు. అమ్మాయి మొహం పాలిపోయింది. ఏమంటున్నారని వియ్యపురాలు అడిగింది. నేనే చెప్పాను. చేత్తో కాకపోతే ఇంక దేంతో తింటారని ఆవిడ ఆశ్చర్యపోయి, ఉన్నవాటిలో పెద్దది ఏరి మా ఆవిడ ప్లేట్‌లో పెట్టింది.

అన్ని ఇడ్లీల మీదా మా ఆవిడ దాన్ని మొత్తం తినేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మాయి మాత్రం తన ప్లేట్ ముట్టుకోకుండా వాళ్లమ్మ చేతులకేసే చూస్తూ కూర్చుంది.

"సారీ, మమ్మీ" అంది చివరికి.

"ముందు తిను. చల్లారిపోతోంది."

అని, మా ఆవిడ కూతురి ప్లేట్‌లోంచి ఓ రేకు పీకి నోటి దగ్గర పెట్టింది. అంతమంది ముందూ అమ్మాయి నోరు తెరిచింది.