నిమ్మకాయ పిండిన ఎర్రనీళ్లు

మా చిన్నప్పుడు... పంజాగుట్ట గల్లీలో మా ఇంటి గడప బయట కొత్త పెళ్లికూతురు నిలబడి ఉంది. మా చిన్నాయన భార్య. ఎర్రనీళ్లు తిప్పితే గానీ లోపలికి రానివ్వరు కదా...

నానమ్మ పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు కలిపి, కాస్త సున్నం వేసింది. నీళ్లు ఎర్రబడ్డాయి. అంతలో మా మేనత్త, దిష్టి ఇంకా బాగా పోతుందని, ఒక నిమ్మచెక్క అందులో పిండేసింది. చూస్తుండగానే ఎరుపంతా పోయి ఉత్త పసుపునీళ్లు మిగిలాయి.

ఇక చూడండి గుసగుసలు... పిల్ల అచ్చిరాదని వెనక నుంచి ఎవరో అననే అన్నారు. నానమ్మ ముఖం మాడిపోయింది. చిన్నాయన ఆమె పక్క నుంచి దూరంగా జరిగి నిలబడ్డాడు, అందుకు నాకు ఇప్పటికీ ఆయన మీద కోపమే. ఆ పేరు ఒకసారి పడితే, రేపు ఇంట్లో పాలు విరిగినా ఆమెనే అంటారు.

అప్పుడు పెళ్లికూతురు తలెత్తింది.

"అత్తమ్మా, నిమ్మరసం పడి సున్నం పని ఆగింది. ఇంక జర సున్నం ఎయ్యుండ్రి, మళ్ల ఎర్రగైతది."

నానమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. తన పాన్‌దాన్‌లోంచి ఇంకాస్త సున్నం తీసి కలిపింది. నీళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి.

"లోపటికి రా బిడ్డా," అంది.

చిన్నమ్మ అమీర్‌పేటలో కెమిస్ట్రీ ట్యూషన్లు చెప్పేదని తర్వాత తెలిసింది. నాకు పీహెచ్ స్కేలు అర్థమైంది ఆమె దగ్గరే... సున్నా నుంచి పద్నాలుగు దాకా గీత గీసి, నిమ్మరసాన్ని రెండు దగ్గర, సున్నపునీళ్లను పన్నెండు దగ్గర పెట్టింది. మధ్యలో ఏడు, అటూ ఇటూ కాని నీళ్లు. ఏడుకు కింద ఆమ్లం, పైన క్షారం. ఒక్క అంకె దిగితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది. పసుపు ఎర్రబడటం మొదలయ్యేది ఎనిమిది దాటాకే. మా మేనత్త పాపం, పళ్లెంలోని నీళ్లను ఆ గీత మీద కిందికి లాగింది, అంతే.

మొన్న చిన్నమ్మ కొడుకు పెళ్లైంది. ఎవరో ఎర్రరంగు పొడి ప్యాకెట్ తెచ్చారు... నీళ్లలో వేస్తే చాలట. చిన్నమ్మ దాన్ని పక్కన పెట్టేసి, గల్లీ చివరున్న పాన్ డబ్బా నుంచి సున్నం తెప్పించింది. పసుపునీళ్ల పళ్లెం గడప బయట ఉన్న కోడలి ముందుకు చాపి, "నువ్వే కలుపు బిడ్డా," అంది.

నీళ్లు ఎర్రబడుతుంటే పిల్లలంతా నోళ్లు తెరిచి చూశారు. వాళ్లకు పీహెచ్ అంటే పుస్తకంలో రంగుల బొమ్మ మాత్రమే. నాకేమో ఆనాడు గడప బయట ఒంటరిగా నిలబడిన చిన్నమ్మ గుర్తొచ్చి కళ్లు తడిశాయి...

ఇప్పుడు ఎన్ని ఇళ్లలో సున్నం డబ్బా ఉంది? మీ గడపలో ఎర్రనీళ్లు కలిపిన చేతులు ఎవరివో, చెప్పరూ...