డేగకు కడుపు నిండిన రోజు

తడిసిన తోలు వాసన తగిలితే నాకు ఇప్పటికీ అమ్మ మీద కోపం వస్తుంది. నిన్న లండన్‌లో, హారోలో బూట్లు బాగుచేసే కొట్లో, వానకు నానిన బ్యాగు ఎవరిదో కౌంటర్ మీద ఉంటే, ఆ వాసనకే ఒళ్ళు మండి, నా బూట్లు తీసుకోకుండానే బయటికి వచ్చేశాను.

రెండువేల పన్నెండు శీతాకాలానికి నాకు పన్నెండేళ్ళు. మాంచెస్టర్ శివార్లలో అద్దె ఇల్లు, ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో నర్సుగా అమ్మకు రాత్రి డ్యూటీలు, పక్కింట్లో రాన్ అనే ముసలాయన. అంకుల్ అని పిలిస్తే నేనెవరికీ అంకుల్‌ని కానని కసిరేవాడు. కానీ ఆయన దగ్గర కుందేళ్ళను వేటాడే డేగ ఉండేది, ఇటుక రంగు భుజాలు, పసుపు కాళ్ళు, పేరు బెస్. ఆరు నెలలు నా చేత రెట్ట కడిగించి, ఫ్రీజర్‌లోంచి తీసిన కోడిపిల్లలను ముక్కలు చేయించి, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా బరువైన తోలు చేతొడుగు మీద పక్షిని మోయించి, చివరికి ఆయన నేర్పింది ఒక్కటే ముక్క: డేగకు మన మీద ప్రేమ ఉండదు, ఆకలి ఉంటుంది, ఆ ఆకలే దాన్ని మన చేతి మీదికి తిరిగి తెస్తుంది. అందుకే రోజూ తూకం. కాస్త ఎక్కువ తిన్నా ఆ రోజు ఎగరేయకూడదు.

డిసెంబర్ గాలివానకు ఆయన షెడ్డు పైకప్పు లేచిపోయి, బెస్ మా పెరటి షెడ్డుకు వచ్చింది. క్రిస్మస్ ముందు శనివారం, తాడు లేకుండా దాన్ని మొదటిసారి నేను ఎగరేయాలి. తిరిగొస్తే సీజనంతా నన్ను వేటకు తీసుకెళతాడు, రాకపోతే మళ్ళీ ఆయన గేటు తొక్కకూడదు. నాకు రెండు వారాలు నిద్ర పట్టలేదు. బెస్ అరిచినప్పుడల్లా అమ్మ మాత్రం నా మీద విరుచుకుపడేది.

"నోరులేని జీవాన్ని పస్తు పెడతారటే? ముసలాయనకు బుద్ధి లేకపోతే నీకన్నా ఉండొద్దా?"

తూకం సంగతి ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆ శనివారం పొద్దున్నే తూకం వేశాను, సరిగ్గా ఉంది. నేను తయారవడానికి మేడమీదికి వెళ్ళాను. డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ, ఇల్లంతా అరిసెల పాకం వాసనలో, చర్చి ఫెలోషిప్ వాళ్ళకు కూర వండడానికి తెచ్చిన కోడిమాంసంలోంచి పచ్చి కార్జం గుప్పెడు తీసి షెడ్డులోకి పట్టుకెళ్ళిందని నాకెలా తెలుస్తుంది? బెస్ మెడ కింద, తిన్న మేత నిలిచే చోట, ఉబ్బు కనబడితే చలికి ఈకలు విప్పిందనుకున్నాను. మోకాళ్ళ నొప్పుల రాన్ మా ఇళ్ళ వెనక పొలానికి ఆ చివర మాంసం ముక్క పట్టుకుని నిలబడ్డాడు, ఈ చివర నేను వదిలాను. అది చెట్టెక్కి తాపీగా ఈకలు దువ్వుకుంది. ఆయన మొహం కందిపోయేదాకా ఈల వేశాడు. గంట తర్వాత కాలువ దాటి వెళ్ళిపోయింది.

ఎవరు మేపారని కంచె అవతలి నుంచి రాన్ అడిగాడు. అమ్మ పిండి చేతులతో వచ్చింది.

"నేనే పెట్టా. కడుపునిండా తిన్నది పాపం. అయితే ఏంది?"

ఆయన చేత ఆమెను తిట్టించాలనే కసితో, ఆమె అన్నది ఒక్క అక్షరం పోకుండా ఇంగ్లీషులో చెప్పాను. మీ ఇంటి పిల్లకు పక్షినివ్వడం నా తప్పని ఆయన నాతో అని గేటు మూసుకున్నాడు.

తొమ్మిదో రోజు బెస్ దొరికింది, కాలువ పక్క ముళ్ళపొదలో, కాళ్ళ పట్టీలు కొమ్మకు చిక్కి, తలకిందులుగా వేలాడుతూ, ఎండిపోయి. షెడ్డులో కట్టే తోలు పట్టీలకు చివర చీలిక ఉంటుంది. ఆ చీలిక కొమ్మలకు పట్టుకుంటుంది కాబట్టి ఎగరేసే ముందు అవి తీసి చీలిక లేనివి వేయాలి. అది నా పని. ఆ పొద్దున తొందరలో మరిచిపోయాను. రాన్ వానకు తడిసిన ఆ పట్టీలను మా తలుపు ఉత్తరాల కన్నంలోంచి లోపలికి తోసి వెళ్ళాడు. అమ్మ నిద్రపోతోంది. చెత్తబుట్టలో పడేశాను.

ఆ పొలంలో ఇప్పుడు ఫ్లాట్లు, రాన్ ఇంట్లో ఎవరో స్టూడెంట్లు. అమ్మ మాత్రం ప్రతి క్రిస్మస్‌కూ ఫెలోషిప్‌లో సాక్ష్యం చెబుతుంది, ఆకలితో అలమటించే పక్షికి కడుపు నింపి వదిలిపెట్టించానని. ఆంటీలు ఆమెన్ అంటారు. పండక్కి వెళ్ళిన నేను వెనక వరుసలో పళ్ళు కొరుక్కుంటూ కూర్చుంటాను. అది కొమ్మకు చిక్కి ఆకలితోనే చచ్చిందమ్మా అని నోటిదాకా వస్తుంది. చెబితే, కొమ్మకు ఎలా చిక్కిందని అడుగుతుంది.